పెళ్లికి రాని మనిషి ఫోటో

నేను చేసిన ఒక ఫోటో వల్ల నడికుడి దగ్గర ఒక ఇంట్లో చనిపోయిన మనిషికి పెట్టాల్సిన తద్దినం ఆగిపోయింది. ఆ మాట విన్న రోజు స్టూడియోలో కౌంటరు వెనక కుర్చీలో కూలబడినవాణ్ణి చాలాసేపు లేవలేకపోయాను. గురజాలలో ఫోటోలు తీసుకుంటూ బతికినవాణ్ణి. పెళ్లిళ్లు, చావులు, ఓణీల ఫంక్షన్లు, పొలం గట్ల తగాదాలు అన్నీ చూశాను. నా పని మనుషుల్ని సంతోషపెడుతుందని తెలుసు, ఒక్కోసారి విసిగిస్తుందనీ తెలుసు. ఒక ఇంటిని ఇంత పని చేయగలదని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

ఇప్పుడు స్టూడియో మా తమ్ముడి కొడుకు చూసుకుంటున్నాడు. ఈ మధ్య కుర్రాళ్లు మెడలో కెమెరాలు వేసుకుని వచ్చి, "మస్తాన్ బాబాయ్, మళ్లీ రీలు కెమెరా పట్టావంట, ఇదేం సరదా?" అని నవ్వుతున్నారు. సరదా కాదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు తెలియాలనే ఇది రాస్తున్నాను. స్టూడియో ఎప్పుడు పెట్టాను, అసోసియేషన్‌లో ఏ పదవి చేశాను, ఎవరు శాలువా కప్పారు అనేవి ఇందులో ఉండవు. ఆ షీల్డులు గోడ మీద దుమ్ము పట్టి ఉన్నాయి, కావాలంటే వచ్చి చూడండి.

ఖాదర్ మామ, కోర్టు

పని నేర్పింది మా మేనమామ ఖాదర్. మంచి ఉస్తాదు, చెడ్డ యజమాని. రీలు కడిగేటప్పుడు వెలుతురు సోకిందంటే చేతిలో ఏముంటే అది నా వీపు మీద పడేది. ఆయన తిట్లు రాస్తే అచ్చువేసేవాళ్లు ఒప్పుకోరు. బాగా వచ్చిన ఫోటో చూసి "ఊఁ" అనడమే ఆయన మెచ్చుకోలు. అది కూడా నోరు తెరిచి అనేవాడు కాదు.

కానీ ఒక నెగెటివ్ పారేసిన పాపాన పోలేదు. ప్రతిదాన్నీ పలచని కాగితంలో చుట్టి, పేరు రాసి, బిస్కెట్ డబ్బాల్లో పెట్టేవాడు. ఇంట్లో బియ్యం డబ్బాలకు చోటు లేదని మా అత్త మొత్తుకునేది.

ఆ డబ్బాల విలువ నాకు గురజాల కోర్టులో తెలిసింది. అన్నదమ్ములిద్దరికి పొలం దారి మీద తగాదా. అన్న దారికి అడ్డంగా రాతిగోడ కట్టాడు. తమ్ముడు మామను తీసుకెళ్లి గోడను ఫోటో తీయించాడు. నోటీసు రాగానే అన్న గోడ పీకించి, అసలు అక్కడ గోడే లేదు పొమ్మన్నాడు. మామ సాక్షి. డబ్బా మోసింది నేను. అవతలి వకీలు లేచి, మీరు ముఖాల మీద మచ్చలు పెన్సిలుతో చెరుపుతారు గదా, ఈ గోడ కూడా పెన్సిలుతో కట్టిందేనా అన్నాడు. కోర్టు హాలంతా నవ్వింది.

మామ వాదించలేదు. డబ్బాలోంచి నెగెటివ్ తీసి ఇచ్చి, "పెన్సిలు పెడతానయ్యా, కాదన్ను. దీన్ని కిటికీకి పెట్టి చూడండి. పెన్సిలు పెట్టినకాడ పెన్సిలు కనపడతది. గోడ ఉన్నకాడ గోడే కనపడతది," అన్నాడు.

జడ్జిగారు కిటికీ వైపు తిరిగి చూశారు. తర్వాత వకీలు ఆ మాట ఎత్తలేదు. బయటికొచ్చాక మామ నాకు టీ కూడా ఇప్పించలేదు గానీ, ఆ రోజు నాకు ఒకటి అర్థమైంది. ఫోటో తీసేవాడు సాక్షి. అక్కడ ఉన్నది ఉన్నట్టు చూశానని చెప్పగలిగినవాడు. ఊళ్లో జనం కూడా మమ్మల్ని అలాగే చూసేవాళ్లు. అది మేం సంపాదించుకున్న మర్యాద అనుకోలేదు, పనితో పాటు వచ్చే మామూలు సంగతి అనుకున్నాను.

అడిగింది ఇవ్వడం

డిజిటల్ వచ్చినప్పుడు నేను ఏడవలేదు. ఉన్న నిజం చెప్పాలంటే పండగ చేసుకున్నాను. మందు నీళ్ల వాసనకు దగ్గు పట్టుకుని ఉండేది. వేళ్ల చివర్లు పసుపు గోధుమ రంగు తేలి, అన్నం తినబోతే నాకే రోత పుట్టేది. పెళ్లిలో తాళి కట్టే క్షణం రీలులో పడిందో లేదో తెలియక, కడిగేదాకా గుండె దడ. ఆ బాధలన్నీ ఒక్కసారి పోయాయి.

పైగా జనం అడిగేవి ఇవ్వగలిగాను. మూసుకున్న కళ్లు తెరిపించాను. నల్లపిల్లను తెల్లగా చేశాను. ఆ పిల్ల నల్లగా ఉండటంలో తప్పేమీ లేదని వాళ్లమ్మకు చెప్పబోయి, బేరం పోతుందని ఊరుకున్నాను. రేషన్ కార్డు మీద ఉన్న గింజంత ముఖాన్ని పెద్దది చేసి, కోటు తొడిగి, పూలదండ వేసుకోవడానికి పనికొచ్చేలా చేసి ఇచ్చాను. పల్నాడు ఎండల్లో చొక్కా గుండీ పెట్టుకోని రైతులు నా స్టూడియో పుణ్యాన కోట్లు తొడుక్కుని గోడల మీద కూర్చున్నారు. వాళ్ల పిల్లలు నా చేతులు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నేను మంచిపని చేస్తున్నాననే అనుకున్నాను.

వీటిలో ఒకటి మా వైపు ఇప్పుడు ఆచారంలా స్థిరపడింది. పెళ్లికూతురి తండ్రి పోయి ఉంటే, ఆల్బమ్‌లో ఆయన్ని తెచ్చి నిలబెట్టాలి. ఆశీర్వదిస్తున్నట్టో, పక్కన నవ్వుతున్నట్టో. ఈ పనిలోకి వచ్చిన మొదటి నెలలోనే మిమ్మల్ని ఎవరో ఒకరు అడుగుతారు. కాదనడం కష్టం. నేనూ ఎన్నడూ కాదనలేదు.

పట్టుపంచె

నడికుడి దగ్గరి ఆ ఇల్లు కోటమ్మది, పిలుపు వరసకు నాకు పెద్దమ్మ. శ్రీను ఆమెకు ఒక్కడే కొడుకు. ఆమె పెళ్లి ఫోటో తీసింది ఖాదర్ మామ. శ్రీను పెళ్లి ఫోటో తీసింది నేను. ఆ ఇంట్లో గోడ మీద ఉన్నవన్నీ మా స్టూడియోవే. శ్రీను దాచేపల్లి ఫ్యాక్టరీల నుంచి సిమెంటు లోడు వేసుకుని వెళ్లే లారీ నడిపేవాడు. దారిలో స్టూడియో ముందు లారీ ఆపి, హారన్ కొట్టి, దిగకుండానే నన్ను పలకరించి పోయేవాడు.

కరోనా రెండోసారి ముదిరినప్పుడు లోడు మీద ఉండగానే జ్వరం తగిలింది. గుంటూరులో ఆస్పత్రిలో చేర్చారు. అక్కడే పోయాడు. ఆ రోజుల్లో ఉన్న నిబంధనలు మీకు గుర్తుండే ఉంటాయి. ఇంటికి తేనివ్వలేదు. శ్రీను బావమరిది ఒక్కడే వెళ్లి, దూరం నుంచి చూసి, అక్కడే దహనం చేయించి, అస్థికలు తెచ్చి కృష్ణలో కలిపాడు. కోటమ్మ కొడుకు ముఖం చూడలేదు. కొడుకు లేడని ఫోనులో విన్నది, అంతే. ఇలాంటి తల్లులు ఆ ఏడాది మా చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది ఉన్నారు.

తర్వాత శ్రీను కూతురు లావణ్య పెళ్లి కుదిరింది. పెళ్లికి ముందు కోటమ్మ వాకిట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మంచం దిగే పరిస్థితి లేదు. పెళ్లి దాచేపల్లిలో ఫంక్షన్ హాల్లో కాబట్టి ఆమె రాలేకపోయింది. అయినా బట్టల మూటలు ఆమె మంచం మీదే విప్పారు. ఇంటి మగవాళ్లందరికీ ఒకే రకం పట్టుపంచెలు, మెరూన్ రంగు అంచు. ఆ అంచు ఎంచింది కోటమ్మే.

పీటల మీద కూర్చుని కన్యాదానం చేసింది శ్రీను బావమరిది, ఆయన భార్య. పెళ్లయ్యాక లావణ్య నా దగ్గరికొచ్చి, నాన్న ఉన్నట్టు ఒక్క ఫోటో చెయ్యి తాతా అంది. చేశాను. మామూలుగా చేయలేదు, మనసుపెట్టి చేశాను. బావమరిది శ్రీనుకు సరిసమానమైన ఒడ్డూ పొడుగూ. ఆయన విడిగా దిగిన ఫోటోలోంచి ఒంటిని తీసుకున్నాను, పట్టుపంచె, కండువాతో సహా. దాని మీద శ్రీను తల. ఒక స్నేహితుడి గృహప్రవేశంలో నవ్వుతూ దిగిన ముఖం దొరికింది. వెలుతురు ఎడమవైపు నుంచి పడేలా తిప్పాను. మెడ దగ్గర అతుకు కనిపించకుండా చేయడానికే ఎంతో శ్రమపడ్డాను. వెనక తెర మీద నీడ కూడా వేశాను. చూసినవాళ్లు నోరెళ్లబెట్టారు. లావణ్య నా కాళ్లకు దండం పెట్టింది. శ్రీను భార్య పద్మ ఒకసారి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు వెళ్లిపోయింది. సంతోషం పట్టలేకపోయిందనుకున్నాను.

పద్మ వచ్చిన రోజు

కొన్ని నెలల తర్వాత పద్మ స్టూడియోకి వచ్చింది. కొత్త ఫోటో ఏదో కావాలేమోనని కుర్చీ జరిపాను. కూర్చోలేదు. మనిషి సగమైపోయింది.

అత్త ఆల్బమ్ చూసిందట. మొదట్లో ఊరికే చూసేదట, ఆ ఒక్క పేజీయే. తర్వాత ఒకరోజు, వాడు పెళ్లికొచ్చాడా అని అడిగింది. పద్మ అది కంప్యూటర్లో చేసిందని విడమర్చి చెప్పింది. కోటమ్మ విని, ఒకే ఒక్క ప్రశ్న వేసింది. ఆ పంచె పెళ్లికి కొన్న పంచె. తానే ఎంచింది. వాడు పెళ్లికి రాకుండా ఆ పంచె ఎట్టా కట్టుకున్నాడు?

అతుకు కనిపించకూడదని నేను పడిన కష్టమంతా ఆమెకు రుజువైంది. నేను పాతచొక్కాతో, పాతపంచెతో పెట్టి ఉంటే ఆమె నమ్మేది కాదు.

పద్మ చెబుతూనే ఉంది. మొగుడూ పెళ్లాలకు ఏదో పడలేదని, అందుకే వాడు ఇంటికి రావడం లేదని, ఆస్పత్రి కథ అందరూ కలిసి అల్లారని కోటమ్మ అనడం మొదలుపెట్టింది. బతికున్న మొగుడికి బొట్టు తీసేశావని కోడలి చేతి అన్నం మానేసింది. పక్కింటివాళ్లు పెడితే తింటోంది. మొదటి ఏడాది తద్దినం పెట్టినప్పుడు ఏమీ అనని మనిషి, రెండో ఏడాది అయ్యగారు వచ్చి దర్భలు విప్పుతుంటే మంచం మీద నుంచి అరిచింది. బతికున్నోడికి పిండం పెట్టేవాళ్లు ముందు తన శవం లేపాలంది. అయ్యగారు దర్భలు చుట్టుకుని లేచి వెళ్లిపోయారు.

"పిచ్చెక్కిందనుకుంటన్నారు ఊళ్లో," అంది పద్మ. "పిచ్చి లేదు బాబాయ్. అన్నీ సరిగ్గానే మాట్లాడుద్ది. రాత్రిళ్లు ఒకటే మాట. పెళ్లికొచ్చినోడు నన్ను చూడకుండా ఎందుకు పోయాడు, నేనేం చేశా వాడికి అని. నా మాట నమ్మదు. నువ్వొచ్చి చెప్పు. నీ మాటైతే నమ్ముద్ది."

అప్పుడే నేను కుర్చీలో కూలబడింది. కొడుకు పోయిన దుఃఖం ఒకటి. బతికే ఉండి, గుమ్మందాకా వచ్చి, తల్లి ముఖం చూడకుండా వెళ్లిపోయాడనుకోవడం ఇంకొకటి. మొదటిదాన్ని కరోనా ఇచ్చింది. రెండోదాన్ని నా కంప్యూటర్ ఇచ్చింది.

రెండూ నీ పెట్టెలోవేగా

మర్నాడే లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని వెళ్లాను. అసలు ఫోటో చూపిస్తే అయిపోతుందని ధైర్యం. కోటమ్మ మంచం మీద దిండుకు ఆనుకుని ఉంది. నా మోకాళ్ల నొప్పి ఎట్టా ఉందని అడిగింది. టీ పెట్టమని కోడలికి చెప్పకుండా, గాల్లోకి చూస్తూ, ఎవరన్నా మస్తానుకి టీ పొయ్యండి అంది.

ముందు నోటితో చెప్పాను. శ్రీను రాలేదు పెద్దమ్మా, పిల్ల అడిగితే నేను పెట్టాను అన్నాను. తర్వాత లాప్‌టాప్ తెరిచి, శ్రీను లేని అసలు ఫోటో చూపించాను. ఆమె కళ్లద్దాలు సర్దుకుని దగ్గరగా చూసింది. తలెత్తి నావైపు చూసిన చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

"వాణ్ణి తీసేశావా?" అంది. కోడలి వైపు గడ్డం ఎత్తి, "ఎవరు తియ్యమన్నారు, ఇదేనా?" అని అడిగింది.

తీయలేదు, అసలు ఫోటో ఇదే, శ్రీను ఉన్నదే తర్వాత చేసింది అన్నాను.

"ఏది అసలు? రెండూ నీ పెట్టెలోవేగా. పెట్టటం వచ్చినోడికి తియ్యటం రాదా?"

చదువు లేని మనిషి, ఏమీ తెలియక అడుగుతోందని సరిపెట్టుకోవచ్చు. కానీ ఆమె అడిగిన దానిలో తప్పు లేదు. ఏ ఫోటో ఎప్పటిదో కంప్యూటర్ తేదీ చూపిస్తుంది. ఆ తేదీని కూడా మార్చవచ్చని నాకు తెలుసు, నేను మార్చాను కూడా. అవతల వకీలు ఉండి ఉంటే నన్ను ఉతికి ఆరేసేవాడు. ఖాదర్ మామకు డబ్బా ఉంది. నా దగ్గర లక్షల ఫోటోలు ఉన్నాయి, కిటికీకి పెట్టి చూపించడానికి ఒక్కటి లేదు.

కోటమ్మ ఊరుకోలేదు. గోడ మీద భర్త ఫోటో చూపించి, మరి అది కూడానా అంది. ఆ ఫోటో మామ తీసిందే. మధ్యలో చెమ్మ తగిలి మెడ కింద అంతా చెరిగిపోతే శ్రీనే తెచ్చి ఇచ్చాడు, నేను కంప్యూటర్లో బాగుచేసి, అలవాటు కొద్దీ కోటు తొడిగాను. ఆ కోటు మాత్రం నేను పెట్టిందే అన్నాను.

"ఆ రోజుల్లో మీ స్టూడియోలో ఒక కోటు ఉండేదిగా, వచ్చినోళ్లకల్లా తొడిగేవోళ్లు. అదే అనుకున్నా ఇన్నాళ్లు," అంది. ఆ ఫోటో మీద నుంచి చూపు తిప్పేసుకుంది. "నువ్వు చూడనోణ్ణి చూసినట్టు చేశానంటన్నావు. ఇప్పుడేమో చూడలేదంటన్నావు. నీ మాట ఏది పట్టుకోవాల నేను?"

బస్సులో వస్తున్నంతసేపూ పద్మ గుమ్మంలో నిలబడి నావైపు చూసిన చూపే కళ్లముందు ఉంది. నా మాట నమ్ముతుందని ఆమె నన్ను పిలిచింది. నా మాటకు ఉన్న విలువను నేనే ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా ఖర్చుపెట్టేశానని అప్పుడు తెలిసింది.

మళ్లీ రీలు

మామ రెండు కళ్ల కెమెరా అటక మీద ఉంది. పైన ఒక కన్ను మనం చూడటానికి, కింది కన్ను ఫోటో తీయడానికి. మెడలో వేసుకుని, తల వంచి, పైనుంచి చూస్తూ తీయాలి. దుమ్ము తుడిచి తిప్పితే షట్టర్ పలికింది. ఇక రీలు కావాలి. హైదరాబాదులో తెలిసినతను ఇప్పటి ధర చెబితే, రీలు ధరా కెమెరా ధరా అని రెండుసార్లు అడిగాను. మందుపొడి కొరియర్‌లో వచ్చేసరికి సగం అట్టపెట్టెలోనే ఒలికిపోయింది.

మొదటి రీలు నా గర్వం అణిచింది. స్టూడియో వీధిలో మనుషుల్ని తీశాను. డిజిటల్ అలవాటు కొద్దీ ప్రతి ఫోటోకీ తెర కోసం కెమెరా వెనక్కి తిప్పి చూసుకోవడం, అక్కడ తోలు తప్ప ఏమీ లేకపోవడం. ఎదురు టీకొట్టువాళ్లకు మంచి కాలక్షేపమైంది. ఇంటికి వచ్చి కడిగితే రీలు మొత్తం అద్దంలా తెల్లగా వచ్చింది. ఒక్క బొమ్మ లేదు. మందులో లోపమా, షట్టర్ పోయిందా అని బుర్ర బద్దలుకొట్టుకున్నాను. చివరికి చూస్తే కింది కన్నుకు మూత ఉంది. పై కంటిలో అంతా చక్కగా కనిపిస్తుంటే మూత సంగతి తోచలేదు. పని నేర్చుకునే రోజుల్లో కూడా ఈ తప్పు చేసినందుకు మామ చేతిలో దెబ్బలు తిన్నాను. నా చేతులకు నేను ఇన్నేళ్లు చేసిన పనే గుర్తులేదని తెలిసి నిజంగా భయపడ్డాను. రెండో రీలు పరవాలేదు. మూడోది బాగుంది.

మీలో కొందరు రీలు పవిత్రమనీ, అందులో ఏదో ఆత్మ ఉంటుందనీ చెప్పుకుంటున్నారు. నాకు ఆ భ్రమ లేదు. అది ఖర్చు, చాకిరీ, దగ్గు. చీకటి గదిలో కాగితం మీద మోసం చేసే విద్యలు మామకూ తెలుసు. కానీ ఎదురుగా ఉన్నదాని వెలుతురు నేరుగా తగిలి, మచ్చపడిన ముక్క ఒకటి చేతిలో మిగులుతుంది. దాన్ని ముట్టుకుంటే ముట్టుకున్నట్టు తెలుస్తుంది. నాకు కావలసింది అంతవరకే. పెళ్లిళ్లకు డిజిటలే తీయండి, జనం అడిగితే రంగులు వేయండి. లేని మనిషిని మాత్రం తీసుకొచ్చి నిలబెట్టకండి. చేతికి వచ్చిన విద్యే కదా అని చేశారో, దాన్ని ఎవరు ఎలా నమ్ముతారో మీ చేతిలో ఉండదు.

శ్రీను జాగా

మళ్లీ వెళ్లాను. ఈసారి లాప్‌టాప్ లేదు. పాత కెమెరాతో నీ ఫోటో తీస్తాను పెద్దమ్మా, ఇక్కడే నీ కళ్లముందే కడుగుతాను అన్నాను. ఒప్పుకోదేమోనని భయపడ్డాను. ఆమె కెమెరాను గుర్తుపట్టింది. ఖాదర్‌దేగా ఇది అంది.

"నేను పోయాక పెట్టుకోటానికి ఒకటి కావాల్లే," అంది. "కోటు తొడగమాక."

వాకిట్లో సున్నం గోడ ముందు బల్ల వేయించాను. అప్పటికి తుంటి కాస్త కుదుటపడింది, కోటమ్మ చేతికర్ర పట్టుకుని వచ్చి కూర్చుంది. పద్మ తలుపు దగ్గరే నిలబడిపోయింది. కోటమ్మ ఆమె వైపు చూడకుండానే, ఆమెను కూడా రమ్మను అంది. నెలల తర్వాత కోడలిని పిలవడం అదే. పద్మ వచ్చి బల్ల అవతలి చివర కూర్చుంది. ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ. వేల పెళ్లిళ్లలో అన్న మాటే నా నోటి నుంచి వచ్చింది. దగ్గరగా జరగండి అన్నాను.

"జరగదు," అంది కోటమ్మ. "అది వాడి జాగా."

పద్మ తల వంచుకుంది. నేను తల వంచి పై కంటిలోకి చూశాను. మూత తీశానో లేదో వేలితో తడిమి మరీ చూసుకున్నాను. తీశాను.

బాత్‌రూమ్‌లో పని పెట్టుకున్నాను. వెలుతురు దూరని నల్ల గుడ్డసంచిలో చేతులు దూర్చి రీలును కడిగే డబ్బాలోకి ఎక్కించాను, మందు పోశాను, తిప్పాను, బకెట్లో నీళ్లతో కడిగాను. కోటమ్మ గుమ్మంలో స్టూలు వేయించుకుని అన్నీ చూస్తూ కూర్చుంది. వెనక పద్మ గోడకు ఆనుకుని ఉంది. రీలు పైకి తీసి నీళ్లు జారనిచ్చి, ఆ ఒక్క బొమ్మ ఉన్న చోట పట్టుకుని ఆమె చేతికి ఇచ్చాను. పాతకాలంలో ఆమె నెగెటివ్‌లు చూసిందే. ఎవరూ చెప్పకుండానే వెలుతురు వైపు ఎత్తి పట్టుకుంది.

"జుట్టు నల్లగా వచ్చింది నాకు," అంది. తర్వాత చాలాసేపు చూసింది. "మధ్యలో ఈ నలుపేంది?"

"గోడ పెద్దమ్మా. సున్నం గోడ. రీలులో తెలుపు నలుపవుద్ది."

"మనిషి లేడు."

"లేడు."

"పెట్టు మరి. ఆ ఫోటోలో పెట్టావుగా."

"దీంట్లో పెట్టలేను."

"నీకు చేతగాకా, దీంట్లో పట్టకా?"

"దీంట్లో పట్టదు పెద్దమ్మా. ముందుకొచ్చి కూర్చోనోడు దీంట్లోకి రాడు. ఆ పెళ్లిలో ఈ కెమెరా ఉంటే ఆ ఫోటో పుట్టేదే కాదు. వాడు రాలేదు. నేను చూళ్లేదు."

రీలు చివర నుంచి నీటిచుక్కలు ఆమె చీర మీద పడుతున్నాయి. తుడుచుకోలేదు. బొటనవేలు ఆ నల్లటి చోటు దాకా తీసుకెళ్లి, తడి బొమ్మ మీద ఆనించకుండా ఆపింది. రీలును నా చేతికి ఇచ్చేసి, నన్ను వదిలి వెనక్కి తిరిగింది.

"పద్మా," అంది. "నన్ను చూడకుండా పోలేదే వాడు. అసలు రానే లేదు."

పద్మ వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది. అప్పుడు కోటమ్మ ఏడ్చింది. అలాంటి ఏడుపు నేను శవాలు లేచిన ఇళ్లలో, ఫోటోలు తీయడానికి వెళ్లినప్పుడు మాత్రమే విన్నాను. రెండేళ్లకు పైగా ఆ ఇంట్లో ఎవరూ గొంతెత్తి ఏడవలేదు. ఆస్పత్రి ఫోను వచ్చిన రోజు వీధిలోకి ఎవరూ రాకూడదు, ఎవరి గడపా ఎవరూ తొక్కకూడదు. ఇప్పుడు పక్కిళ్ల ఆడవాళ్లు చేతిలో పని వదిలేసి పరుగున వచ్చారు. వాకిట్లో నిలబడి, ఎవరు పోయారని అడిగారు.

"మా ఆయన," అంది పద్మ.